తెగకూడదు, తేరుకోకూడదు

"లైన్ కట్ చేశావో, మీ బావమరిది పోతాడు. లైన్ బాగుందో, అప్పుడూ పోతాడు," అంది డైరెక్టర్.

వ్యాన్‌లో ఏసీ నడుస్తూనే ఉంది. అయినా తాబేలుకి ముచ్చెమటలు పోశాయి. నిఘా డిపార్ట్‌మెంట్‌లో అతని అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. శత్రువుల నెట్‌వర్క్‌ని అనుమానం రాకుండా నత్తనడక నడిపించడం అతని పని. ఆ పనికి ఈ పేరు పడింది.

"మరేం చెయ్యమంటారు మేడమ్?"

"చావూ బతుకూ కాకుండా ఈడ్చాలి. నీ పని అదేగా."

సంగతి ఇది. ఎదురుగా ఉన్న భవనంలో, నాలుగో అంతస్తులో, ఎగుమతుల కంపెనీ బోర్డు చాటున ఒక విదేశీ ముఠా కాపురం పెట్టింది. దాని నాయకుణ్ణి షావుకారు అంటారు. ఆ షావుకారు కారు నడిపే డ్రైవర్ మన ఏజెంటు, తాబేలు భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. పనీపాటా లేక తిరిగేవాణ్ణి చెయ్యి పట్టుకుని ఈ కొలువులో పెట్టింది తాబేలే. ఈ పొద్దున షావుకారుకి డ్రైవర్ మీద అనుమానం వచ్చింది, కుర్చీకి కట్టేయించాడు. కాసేపట్లో విదేశం నుంచి నెమలి అనే ఆవిడ వీడియో కాల్‌లోకి వస్తుంది. డ్రైవర్ మొహం చూసి, గూఢచారా కాదా తేలుస్తుంది.

"నెమలి మన మనిషే కదా మేడమ్?"

"మన దగ్గరా జీతం తీసుకుంటుంది, వాళ్ళ దగ్గరా తీసుకుంటుంది. మ్యాగజైన్ అట్టల మీద నవ్వే ఆ మొహం వెనక ఏముందో కన్నతల్లికి కూడా తెలీదు. మీవాణ్ణి మన ఆఫీసులో ఒకసారి చూసింది. కమాండోలు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. వాళ్ళొచ్చేదాకా ఆవిడకి బొమ్మ సరిగ్గా కనిపించకూడదు. లైన్ తెగిందా, మనం ఇక్కడున్నామని షావుకారుకి తెలిసిపోతుంది. ముందు కాలుస్తాడు, తర్వాతే ఆలోచిస్తాడు. వెళ్ళు."

తాబేలు లిఫ్ట్ మెకానిక్ వేషంలో లోపలికి నడిచాడు. ఖాకీ చొక్కా, గ్రీజు మరకలు, చేతిలో బరువైన పానా. రెండో అంతస్తులో లిఫ్ట్ పక్కన, పై నుంచి కేబుళ్ళు దిగే ఇరుకు గది ఉంది. అక్కడ డిపార్ట్‌మెంట్ వాళ్ళు ముందే అమర్చిన సబ్బుపెట్టెంత పెట్టె ఉంది. ముఠా ఇంటర్నెట్ అంతా దాని గుండానే పోవాలి. దానికి రెండు కాళ్ళు: లోపలి కాలు ముఠా గదివైపు, బయటి కాలు ప్రపంచం వైపు. లాప్‌టాప్ తగిలించి, ఇయర్‌ఫోన్ చెవిలో దోపుకున్నాడు. బావమరిది చొక్కా బొత్తాంలో మైకు పనిచేస్తోంది.

"నీళ్ళు కావాలి," అంటున్నాడు బావమరిది.

"ఆవిడ రానీ. అప్పుడు తాగుదువుగాని," అంది షావుకారు గొంతు.

తాబేలు వేళ్ళు కీబోర్డు మీద పడ్డాయి. ఆలస్యం ఇంత, దారిలో పోగొట్టాల్సిన డేటా ప్యాకెట్లు ఇన్ని. ఎంటర్.

ఆపరేషన్ నాట్ పర్మిటెడ్.

అధికారం లేకుండా చెప్తే పెట్టె వింటుందా? ఆ అధికారం ఇచ్చే సుడో అనే మాట మర్చిపోయాడు. ఇరవై ఏళ్ళ సర్వీసు, మొదటి రోజు కుర్రాడు చేసే తప్పు. సుడో తగిలించి మళ్ళీ కొట్టాడు.

కెనాట్ ఫైండ్ డివైస్.

అలవాటు కొద్దీ పాత పేరు కొట్టాడు, ఈ పెట్టెలో కాళ్ళ పేర్లు వేరు. జాబితా తీసి చూశాడు. ఈలోగా చెవిలో ట్రింగుమని కాల్ కలిసింది.

"బాగున్నారా?" తేనె పూసినట్టున్న గొంతు. నెమలి. "మీ బొమ్మ మసగ్గా ఉందండీ."

"ఇక్కడి నెట్ ఎప్పుడూ ఇంతేనమ్మా," అన్నాడు షావుకారు.

తాబేలు బయటి కాలి పేరు పెట్టి కొట్టాడు.

ఫైల్ ఎగ్జిస్ట్స్.

ఏ ఫైలు? ఎవడు పెట్టాడు? ఆలోచించే తీరిక ఎక్కడిది? అక్కడ ఏదో పాత రూలు ఉందన్నమాట. ఆఫీసు ల్యాబ్‌లో చేతికి పట్టిన అలవాటు ఒకటే: ఉన్నది పీకు, కొత్తది పెట్టు. పీకేశాడు.

"ఆ, ఇప్పుడు అద్దంలా ఉంది," అంది నెమలి.

తాబేలుకి అప్పుడు గుర్తొచ్చింది. ఏ వైరు మీద పెట్టె పెట్టినా ముందు దానికి కాస్త నలత అలవాటు చెయ్యడం వాళ్ళ డిపార్ట్‌మెంట్ ఆచారం. రోజూ దగ్గేవాడు ఇవాళా దగ్గితే ఎవరూ పట్టించుకోరు కదా. ఆ నలతని తన చేత్తోనే తుడిచేశాడు. పీకే బదులు రీప్లేస్ అని ఒక్క మాట కొట్టుంటే సరిపోయేది.

"డ్రైవర్‌ని కొంచెం ముందుకి జరపండి," అంటోంది నెమలి. కుర్చీ కాళ్ళు నేల మీద కీచుమన్నాయి.

తాబేలు కళ్ళముందు భార్య మొహం కదిలింది. ఇంటికెళ్ళి ఆవిడకి ఏమని చెప్పాలి? గబగబా కమాండ్ కొట్టాడు. పెట్టె ఈసారి కిక్కురుమనలేదు.

హమ్మయ్య అనుకున్నాడు పిచ్చి మనిషి. తిట్టినన్నాళ్ళూ పెట్టె అతనికి చుట్టమే. అసలు ప్రమాదం అది నోరు మూసుకున్నప్పుడే వచ్చింది.

"అమ్మా, మీ మాట రావట్లేదు," అన్నాడు షావుకారు. "బొమ్మ బిగుసుకుపోతోంది. మేము కనిపిస్తున్నామా? ఒరేయ్, ఏదో అంటోందిరా, వినబడట్లేదు."

తాబేలు స్క్రీన్ వైపు చూసి నెత్తి కొట్టుకున్నాడు. తొందరలో రూలు లోపలి కాలికి పడింది. రూలు ఏ కాలికి పెడితే, ఆ కాలి వైపు వెళ్ళేదాన్నే ఈ పెట్టె ఆపుతుంది. అంటే నెమలి మాట ఇటు రాదు, వీళ్ళ బొమ్మ మాత్రం అటు నిక్షేపంగా పోతోంది. ఆవిడ వాడి మొహాన్ని తనివితీరా చూస్తోంది. బయటి కాలికి కూడా రూలు తగిలించాడు. రెండు వైపులా నీరసం వచ్చింది. కానీ చూడాల్సింది ఆవిడ చూసేసింది.

"ఈ దిక్కుమాలిన నెట్‌తో కాదు. ఫోన్ చేస్తున్నా, తియ్యండి," అన్నాడు షావుకారు.

ఫోన్ ఈ పెట్టెలోంచి పోదు. తాబేలుకి తెలిసిన కమాండ్లన్నీ అయిపోయాయి. పానా పట్టుకుని మెట్లెక్కి పరిగెత్తాడు. ఇయర్‌ఫోన్‌లో రింగు మోగుతోంది. నాలుగో అంతస్తు తలుపు మీద పానాతో బాదాడు.

"లిఫ్ట్‌లో మంటలండీ! తలుపు తియ్యండి!"

ఎవడో గడియ తీశాడు. తాబేలు తోసుకుని లోపలికి పడ్డాడు. షావుకారు ఒక చేతిలో స్పీకర్ పెట్టిన ఫోన్, ఇంకో చేతిలో పిస్టల్. ఆ పిస్టల్ గొట్టం బావమరిది కణతకి ఆని ఉంది.

"హలో," అంది ఫోన్‌లో గొంతు.

తాబేలు పానా విసిరాడు. అది షావుకారు మోచేతికి తగిలింది. పేలిన గుండు సీలింగ్‌లోకి పోయింది. షావుకారు మళ్ళీ గురి చూసేలోపు వెనకనుంచి కమాండోలు వరదలా వచ్చిపడ్డారు. క్షణంలో ముఠా మొత్తం నేల మీద బోర్లా పడుకుని ఉంది.

తాబేలు కట్లు విప్పుతూ బావమరిది మొహం నిమిరాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు. వాడూ ఏడ్చాడు. బల్లకింద పడిన ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది.

"హలో? ఇప్పుడైనా వినబడుతోందా? ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నాను. మీ డ్రైవర్‌ని కళ్ళారా చూశాను, అతనెవరో నాకు తెలీదు. గూఢచారీ లేదు, పాడూ లేదు. పాపం, వదిలేయండి."

బావమరిది మణికట్లు రుద్దుకుంటూ తాబేలు వైపు చూశాడు.

"బావా, అంటే నువ్వు ఏదీ కొట్టకుండా ఇంట్లో పడుకుని ఉంటే..."

"మీ అక్కకి చెప్పకురా."

"చెప్పన్లే బావా. కానీ ఇంకోసారి నన్ను కాపాడాలనిపిస్తే, ముందు నన్నో మాట అడుగు."