పంపుహౌసు మెట్ల దగ్గర పగిలిన గంట

పొద్దు గూకితే చాలు, పాత పంపుహౌసు వైపు పిట్ట కూడా వెళ్ళేది కాదు. కాలవ గట్టు మీద దగ్గరి దారి ఉన్నా, జనం బజారంతా చుట్టుకుని ఇళ్ళకి పోయేవాళ్ళు. లోపలి మోటార్లు ఎప్పుడో ఊడబీకేశారు. కిటికీలకి రెక్కల్లేవు. తలుపు తుప్పుపట్టి సగంలో బిగుసుకుపోయింది. కాలవలోకి దిగే రాతి మెట్లు మాత్రం గట్టిగానే ఉన్నాయి.

ఆ మెట్ల దగ్గరే... చీకట్లో గంట మోగేది.

ఒక్కసారి మోగి ఊరుకునేది. చెవులు రిక్కించి నిలబడితే — ఏమీ ఉండదు. హమ్మయ్య అనుకుని అడుగు వెయ్యగానే మళ్ళీ మోగేది. విన్నవాళ్ళు చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తారట.

ఆ దెయ్యం ఎవరో కూడా జనమే తేల్చేశారు. మా తాతయ్య!

ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. దెయ్యమనండి, భూతమనండి, మీ ఇష్టం... మా తాతయ్యని మాత్రం అనకండి. ఎందుకు అనకూడదో చెబుతా, వినండి. ఇందులో సగం నా కళ్ళముందు జరిగింది. అసలు సగం మా అత్త చెప్పగా విన్నది. అత్త అంటే మా నాన్న చెల్లెలు. బస్సులో కండక్టరు. అబద్ధం అల్లే ఓపిక లేని మనిషి.

తాతయ్యకి గడియారాలు బాగుచేసే కొట్టు ఉండేది. వారమంతా కంటికి చిన్న అద్దం బిగించుకుని, వంచిన తల ఎత్తకుండా పనిచేసేవాడు. సెలవు ముందు రోజు సాయంత్రం మాత్రం ఆ అద్దం సొరుగులో పడేసి, "పదండర్రా!" అనేవాడు. ఇక చూడాలి మా హడావిడి! అమ్మ చాపలు చుట్టేది. నాన్న గాలపు కర్రలు భుజాన వేసుకునేవాడు. అత్త బస్సు దిగి ఆ యూనిఫాంతోనే వచ్చేసేది. వానపాముల డబ్బా నాది. ఎవరడిగినా ఇచ్చేదాన్ని కాదు. అందరం పంపుహౌసు మెట్ల మీద తెల్లవార్లూ గాలాలు వేసుకుని కూర్చునేవాళ్ళం.

చీకట్లో గాలం కదిలిందో లేదో కనబడదు కదా. అందుకని తాతయ్య పాడైపోయిన అలారం గడియారాల గంటలు ఊడదీసి, లోపల చిన్న నట్టు వేలాడదీసి, ఒక్కో కర్ర కొసకి ఒక్కోటి కట్టేవాడు. చేప లాగితే గంట మోగుతుంది. ఏ రెండు గంటలూ ఒకేలా మోగేవి కావు. అత్త గంట గణగణమనేది, అచ్చం అత్తలాగే. అమ్మది గిన్నె తగిలినట్టు మెల్లగా మోగేది. నాన్నది సన్నగా, చెవిలో దూరేలా 'టింగ్' అనేది. తాతయ్య గంటకి నిలువునా పగులు. అది మోగేది కాదు... 'టొక్' అనేది, అంతే.

"మంచిది కట్టుకోవచ్చు కదా తాతయ్యా?" అంటే, "మంచివి మీకు కట్టానే తల్లీ. నా చేపలు ఈ మాత్రానికే వస్తాయిలే" అనేవాడు.

మాకో ఆట ఉండేది. గంట మోగగానే అది ఎవరిదో టక్కున చెప్పాలి. తప్పు చెప్పినవాళ్ళు మర్నాడు పొద్దున్న చేపలన్నీ తోమాలి. పొలుసులు ముఖం మీదకి ఎగురుతాయి, చేతులు రోజంతా కంపు. అందుకని నిద్రలో ఉన్నా సరే, గంట మోగితే మా నోట్లోంచి పేరు ఊడిపడేది. అత్తకైతే చిన్నప్పటి నుంచీ అదే అలవాటు.

ఒక రాత్రి... ఆ మెట్ల మీదే తాతయ్య వెళ్ళిపోయాడు. మేమంతా చాపల మీద నిద్రపోతున్నాం. నాన్న ఒక్కడే మేలుకుని పక్కన కూర్చున్నాడు. తాతయ్య తల వాల్చేస్తే కునుకు పట్టిందనుకున్నాడు. తెల్లవారాక లేపబోతే — లేవలేదు. ఆ గాభరాలో తాతయ్య కర్ర కాలవలో పడి కొట్టుకుపోయింది. దాంతోపాటే పగిలిన గంటా పోయింది.

ఆ తర్వాత నాన్న కర్రలన్నీ కట్టగట్టి కొట్లో పెట్టి తాళం వేసేశాడు. "కాలవ మాట ఎత్తితే ఊరుకోను" అన్నాడు. కొట్టు ఇప్పుడు నాన్నే చూసుకుంటున్నాడు. పని ఎక్కువైందని కొన్ని రాత్రులు అక్కడే ఉండిపోయేవాడు. మా ఇంట్లో సెలవు రోజులు సప్పగా గడిచిపోయేవి. వానపాముల డబ్బాలో అమ్మ మేకులు వేసుకుంది. నాకు ఎంత ఏడుపొచ్చిందో!

ఇంతలో ఈ గంట గోల మొదలైంది. టీకొట్టతను మొదట విన్నాడు. అతని నోట్లో పడ్డాక ఇంకేముంది... "ఆ ముసలాయన అక్కడే పోయాడు కదా, ఆయనే" అన్నారు. నాన్నని అడిగితే నాన్న కాదనలేదు. తల వంచుకుని, "నేనూ విన్నాను. పిల్లల్ని అటు పంపకండి" అన్నాడు! కొడుకే అన్నాక ఇంకెవరు ఆగుతారు? బడిలో నా పక్కన కూర్చునే పిల్ల కూడా జరిగి కూర్చుంది.

ఆ సంగతి చెబితే అత్త అన్నం కంచం పక్కకి నెట్టేసింది.

"చీమకి కూడా దారిచ్చి నడిచిన మనిషి, పోయాక జనాన్ని బెదిరిస్తూ కూర్చుంటాడా? బుద్ధుందా అన్నయ్యా నీకు?"

"నేను విన్నానన్నాను కదే..."

"అయితే నేనూ వింటా. ఒక్కదాన్నే వెళ్ళి, ఆ మెట్ల మీద కూర్చుని, చేప పట్టుకొస్తా. తెచ్చానా — మళ్ళీ అందరం వెళ్ళాలి, నాన్నని దెయ్యమన్న ప్రతివాడి ముందూ తలెత్తుకుని వెళ్ళాలి. తేలేదా... ఇక ఈ ఇంట్లో చేప మాట నేనెత్తను."

"వద్దంటే వద్దు!" అని నాన్న కేకేశాడు. నాన్న అలా అరవడం నేనెప్పుడూ వినలేదు. అత్త ఊరుకునే రకమా? వద్దన్న పని చెయ్యకపోతే ఆవిడకి నిద్రపట్టదు.

రోజు చెప్పకుండా ఒక రాత్రి వెళ్ళింది. ఇక్కడినుంచి అత్త చెప్పిందే చెబుతున్నా.

ఆఖరి ట్రిప్పు ముగించి, గట్టు మలుపులో బస్సు ఆపించి దిగింది. చేతిలో కొత్తగా కొన్న వెదురు కర్ర. దానికి గంట లేదు. డ్రైవరు తల బయటపెట్టి, "అక్కా... పోనీ లైట్లు వేసి ఉంచనా?" అన్నాడు. "ముందు బస్సు తీసుకెళ్ళి డిపోలో పెట్టు" అంది. బస్సు వెళ్ళిపోయింది. ఆ ఎర్ర లైట్లు మలుపు తిరిగాక అత్తకి ఒక్క క్షణం... పిలిచేద్దామా అనిపించిందట.

పిలవలేదు. నడిచింది.

పంపుహౌసు గోడ పక్కకి వచ్చాక టార్చి ఆర్పేసింది. నీళ్ళ మీద వెలుతురు పడితే చేప బెదురుతుందని తాతయ్య నేర్పిన పద్ధతి. దెయ్యం కోసం వచ్చినా పద్ధతి పద్ధతే. గోడకి ఇవతల, పై మెట్టు మీద కూర్చుంది. చేతివేళ్ళతో తడుముకుని ఎర గుచ్చింది. గాలం వేసింది.

చీకటి... నీళ్ళ చప్పుడు కూడా లేదు. ఎక్కడో కప్ప ఒకటి అరిచి మానేసింది. అత్త తన ఊపిరి తనకే వినబడుతుంటే విసుక్కుందట.

అప్పుడు —

'టింగ్.'

గోడకి అవతల. చెయ్యి చాపితే అందేంత దగ్గర.

 అత్త లేవబోయింది, లేవలేకపోయింది. చొక్కా జేబులో కండక్టరు ఈల ఉంది. తీసి నోట్లో పెట్టుకుంది. ఊదడానికి ఊపిరి రాలేదు. ఎప్పుడూ దండం పెట్టని మనిషి, ఆ దేవుడికీ ఈ దేవుడికీ వరసగా దండాలు పెట్టేసింది.

మళ్ళీ... 'టింగ్.'

ఈల నోట్లోంచి జారి మెడలో తాడుకి వేలాడింది. అంత భయంలోనూ, తన ప్రమేయం లేకుండానే, అత్త నోట్లోంచి మాట ఊడిపడింది.

"అన్నయ్యది!"

గోడ అవతల ఏదో కదిలింది. మెల్లగా... వణుకుతూ... ఒక గొంతు.

"ఎ... ఎవరూ?"

అంతే! అత్త భయం దిగిపోయి, ఆ జాగాలోకి కోపం ఎక్కింది. ఈల అందుకుని, నిండు బస్సు ఆపినట్టు ఊదింది. గోడ అవతల "అమ్మో!" అని ఒక కేక. ఆ వెంటనే నీళ్ళలో దభేల్ మని చప్పుడు.

టార్చి వేసి చూస్తే, కింది మెట్టు దగ్గర మోకాళ్ళ లోతు నీళ్ళలో మా నాన్న! చేతిలో గాలపు కర్ర, దాని కొసన ఊగుతున్న గంట.

"దిగేశావా? ఇప్పుడు ఎక్కు పైకి!" అందట అత్త.

నాన్న ఎక్కి, తడిబట్టలతో మెట్టు మీద కూలబడ్డాడు. కొట్లో పని ఎక్కువన్న రాత్రులన్నీ ఆయన ఇక్కడే ఉన్నాడు.

"ఊరంతా దెయ్యం దెయ్యమని చస్తుంటే నువ్వు చక్కగా చేపలు పట్టుకుంటున్నావా?" అంది అత్త. "పైగా నేనూ విన్నానంటావా? నీ గంట నువ్వు వినకపోతే ఎవరు వింటారు!"

నాన్న తడిసిన చొక్కా కొస పిండుకున్నాడు. తర్వాత గుసగుసగా అన్నాడు.

"చలేస్తుందని తువ్వాలు కప్పానే, చెల్లాయ్... ఆయన అప్పటికే లేడేమో. నేను తువ్వాలు కప్పి... పక్కన కూర్చుని కూనిరాగం తీస్తూ ఉన్నానే. మళ్ళీ అందరినీ ఇక్కడికి ఏ ముఖం పెట్టుకుని తీసుకురాను? ఎవరూ రాకుండా ఉంటే... ఆయన పక్కన ఒక్కడినే కూర్చోవచ్చనుకున్నా. వాళ్ళు దెయ్యమంటే ఊరుకున్నా."

అత్త ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. ఆవిడకి రెండూ ఒకేసారి వస్తాయి.

"పక్కన కొడుకున్నాడు. ఒంటిమీద తువ్వాలుంది. చేతిలో గాలముంది. ఆ మనిషికి ఇంకేం కావాలన్నయ్యా? ఆయన పోవడం నీ తప్పు కాదు. కానీ నలుగురూ దెయ్యమంటే తల వంచుకున్నావు చూడు... అది మాత్రం నేను ఒప్పుకోను. రేపు ఆ తల ఎత్తు."

"తర్వాత ఏమైందత్తా?" అని నేనడిగా.

"ఏమవుతుంది? చేప పట్టుకుని ఇంటికొచ్చాం" అంది. అని నాన్న వైపు చూసింది. నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు. ఇంకా ఏదో ఉందని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఎంత అడిగినా చెప్పలేదు.

మర్నాడు నాన్న నన్ను వెంటబెట్టుకుని టీకొట్టుకి వెళ్ళాడు. జనం నిండుగా ఉన్నారు. నాన్న గంట తీసి బల్ల మీద పెట్టి, వేలితో మీటాడు. 'టింగ్.' టీకొట్టతని చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

"ఇదే కదా మీరు విన్నది? ఇది నాది. దెయ్యం నేనే. భయపడాలంటే నన్ను చూసి భయపడండి. మా నాన్నని ఇంకెవరైనా ఆ మాటంటే... నేను ఊరుకోను."

 నాన్న టీ తాగి, నా చెయ్యి పట్టుకుని, గట్టు మీద దగ్గరి దారిన ఇంటికి తీసుకొచ్చాడు. ఆ రోజు నాన్న నాకు ఎంత ఎత్తుగా కనబడ్డాడో చెప్పలేను.

సెలవు ముందు రోజు సాయంత్రం నాన్న కంటి అద్దం సొరుగులో పడేసి, "పదండర్రా!" అన్నాడు. అమ్మ మేకులు కుమ్మరించి డబ్బా నా చేతికిచ్చింది. మేం గట్టు మీద నడుస్తుంటే ఇళ్ళలోంచి తలలు బయటికొచ్చాయి. "రాత్రిపూట పిల్లని తీసుకుని అక్కడికా!" అందొకావిడ. "రండి, మీకూ గాలం ఇస్తాం" అంది అత్త. తలుపు వేసేసుకుంది ఆవిడ.

మెట్ల మీద ఎవరి చోట్లో వాళ్ళం కూర్చున్నాం. కింది మెట్టు చివర, తాతయ్య కూర్చునే చోటు ఖాళీగా వదిలేశాం. టార్చి ఆర్పేశాం. నా కర్ర నా ఒళ్ళోనే ఉంది. ఇంకా ఎర గుచ్చలేదు. అమ్మ గంట కదల్లేదు. అత్త గంట కదల్లేదు. నాన్న గంట కదల్లేదు.

'టొక్.'

కింది మెట్టు చివర నుంచి.

నా చేతిలో డబ్బా జారి ఒళ్ళో పడింది. అమ్మ చెయ్యి నా భుజం మీద బిగుసుకుంది. నాన్న ఉలిక్కిపడలేదు. అత్తా ఉలిక్కిపడలేదు. వాళ్ళిద్దరూ ఆ రాత్రి కూడా విన్నారని... ఇంటికొచ్చాక చెప్పకుండా దాచింది ఇదేనని... నాకు అప్పుడు తెలిసింది.

"ఎవరిది?" అంది అత్త, చీకట్లోంచి. ఎప్పుడూ అడిగినట్టే అడిగింది.

 పారిపోదామనిపించింది. కానీ బడిలో జరిగి కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. తలుపు వేసుకున్న ఆవిడ గుర్తొచ్చింది. నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. కాలవ అవతలి గట్టుకి వినబడేలా అరిచాను.

"మా తాతయ్యది!"

నా భుజం మీద అమ్మ చెయ్యి సడలింది.

"కరెక్టు" అంది అత్త. "రేపు నువ్వు చేపలు తోమక్కర్లేదు. ఎర గుచ్చుకో."