దళసరి ఫిల్టరు

ఆ ఉదయం కొడుకు చెత్తబుట్ట దగ్గర నిలబడి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఇంటికంతటికీ చల్లగాలి, వెచ్చగాలి పంపే మిషన్‌లో ఉండవలసిన దుమ్ము పట్టే ఫిల్టరు ఆ బుట్టలో పడి ఉంది. తల్లి ఆయాసం తగ్గుతుందని అతను ఏరికోరి తెచ్చిన దళసరి ఫిల్టరు అది.

"ఎవరు తీశారు దీన్ని?"

"నేనే," అంది భార్య, అత్తగారికి టీ గ్లాసు అందిస్తూ. "నిన్న వేరేది వేశాను."

"చూశాలే. పల్చగా పేలికలా ఉంది! మా అమ్మ ఊపిరంటే నీకంత చులకనా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. కళ్లనీళ్లతో కూడా మాట తడబడకపోవడం అందరికీ చేతకాదు, ఆమెకు చేతనవును.

"మీది దుమ్మునీ ఆపుతుంది, గాలినీ ఆపుతుంది. దాన్లోంచి గాలి లాగే బలం మన మిషన్‌కి లేదండీ. అది వేసినప్పటి నుంచీ ఒకటే మూలుగు. అత్తయ్య గదిలోకి గాలే రావట్లేదు. మెకానిక్‌ని అడిగాను. మన మిషన్ లాగగలిగిన వాటిలో సన్నటి దుమ్ముని బాగా పట్టేది నేను వేసిందేనట."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పాను. దళసరిదే మంచిదన్నారు మీరు."

అత్తగారు టీ పక్కన పెట్టింది. బట్టలు కుట్టి కొడుకుని పెంచిన మనిషి. తన కొట్టుకి వచ్చిన ప్రతివాళ్లతోనూ "దళసరి గుడ్డ తీసుకోండి, మన్నుతుంది" అన్నది ఆవిడే. పిల్లవాడు ఆ మాట వింటూ కుట్టుమిషన్ పక్కనే పెరిగాడు. ఆవిడకు నవ్వొచ్చింది, వెంటనే మనసు చివుక్కుమంది.

"రెండు రకాల్లోనూ కొత్తవి ఒక్కోటి ఇలా పట్రండి."

దళసరిదాని వెనక అరచెయ్యి పెట్టి ఊదింది. చేతికి ఏమీ తగల్లేదు, దగ్గొచ్చింది. రెండోదాన్లోంచి ఊదితే ఊపిరి అరచేతికి వెచ్చగా తగిలింది. ఆవిడ వేళ్లు దాని మడతలు తడిమాయి.

"కుచ్చులు ఎంత దగ్గరగా పెట్టారో చూడు. ఇంత చట్రంలో గౌనుకి పట్టేంత గుడ్డ పట్టించారు. పేలిక కాదురా ఇది! చొక్కాకి చెప్పిన మాట ఊపిరికి పనికొస్తుందా? నాకు ఆయాసమొస్తే నువ్వు షాపుకి పరిగెత్తావు. కోడలు నా పక్కన కూర్చుని నా ఊపిరి విందిరా."

కొడుకు తల వంచుకున్నాడు. "చులకన అన్నాను... అనకూడని మాట," అన్నాడు భార్యతో.

"నన్ననడం సరే. ఒక్కసారి అత్తయ్య గదిలోకి వెళ్లి రండి."

వెళ్లాడు. గాలి మెత్తగా ముఖానికి తగిలింది. రోజూ గుమ్మంలోంచే మందులందించి వెళ్లిపోవడమే గానీ, అమ్మ దగ్గర కాసేపు కూర్చుని ఎన్నాళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. అమ్మ మంచం మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.