ఆరో చెయ్యి

"త్వరగా రావే! మనకంటే ముందు ఇంకెవరైనా చూసేస్తారు!"

గేటు దాటీ దాటగానే గోరింక ఉంగరం చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. ఇద్దరి వీపుల మీదా స్కూలు బ్యాగులు ఎగిరెగిరి పడుతున్నాయి.

గోరింక అంటే పిట్ట కాదు. ఆరో తరగతి పిల్ల. నిద్ర లేచింది మొదలు వాగుతూనే ఉంటుందని నాన్న ఆ పేరు పెట్టాడు. ఉంగరం ఆమె ప్రాణ స్నేహితురాలు. తల నిండా ఉంగరాల జుట్టు ఉంది కాబట్టి ఆమెని అందరూ అలా పిలుస్తారు. గోరింక వాళ్లది మూడో అంతస్తులో ఫ్లాటు. ఉంగరం వాళ్లది కింద, నీళ్ల మోటారు పక్కన ఒకే ఒక్క గది. వాళ్ల నాన్న అక్కడి నాలుగు బ్లాకులకీ మోటారు, లిఫ్టు, లైట్లు చూసుకుంటాడు.

ఈ రోజు నోటీసు బోర్డు మీద గోరింక పేరు రావాలి. అచ్చులో! నివాసుల సంఘం కమిటీ సభ్యురాలిగా! అంత ముచ్చట ఉంగరానికి చూపించకుండా ఎలా ఉంటుంది?

"అదిగో, కింద చూడు! ఆరో పేరు నాదే!"

గోరింక వేలు తన పేరు మీదే ఉంది. ఉంగరం కళ్లు మాత్రం పైనుంచి చదువుకుంటూ వచ్చాయి. ఏ కాగితం దొరికినా మొదటి మాట నుంచి చదవడం ఆ పిల్లకి అలవాటు.

"రీడింగ్ రూమ్ ఇకపై ఫ్లాట్లలో ఉండేవారికి మాత్రమే. పనివారి కుటుంబాలకు ప్రవేశం లేదు. ఈ తీర్మానాన్ని కింది సభ్యులు ఏకగ్రీవంగా ఆమోదించారు."

ఉంగరం పైకే చదివింది. 

"ఏకగ్రీవంగా అంటే అందరూ ఒప్పుకున్నట్టేగా?"

గోరింక వేలు ఇంకా పేరు మీదే ఉంది. దాన్ని తీయాలని కూడా తోచలేదు.

"నువ్వు కూడా చెయ్యెత్తావా?" అని ఉంగరం అడిగింది.

రోజంతా గలగలలాడే నోరు తెరుచుకుంది గానీ, అందులోంచి ఒక్క మాట కూడా రాలేదు.

ఉంగరం బ్యాగులోంచి రీడింగ్ రూమ్ పుస్తకం తీసి గోరింక చేతిలో పెట్టింది. "ఇది నువ్వే ఇచ్చెయ్. నేను లోపలికి పోకూడదుగా," అంది. గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

గోరింక కొయ్యబొమ్మలా నిలబడిపోయింది.

ఇంకో ఇరవై రోజుల్లో ఉంగరానికి స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. అది గట్టెక్కితే పెద్ద స్కూల్లో సీటొస్తుంది. ఇంట్లో చదువుదామంటే మోటారు రొద. ఆ పిల్ల చదువంతా రీడింగ్ రూమ్‌లోనే సాగుతోంది. ఇప్పుడు ఆ తలుపు మూసేశారు. మూసిన చేతుల్లో ఒకటి గోరింకది.

అసలు ఆదివారం ఏం జరిగిందంటే...

కమిటీలో పిల్లలకీ ఒక సీటు ఉండాలని లెక్కల టీచరు పోరి పోరి సాధించింది. ఆవిడ కూడా కమిటీ సభ్యురాలే. "సరే, మూడు నెలలు చూద్దాం. కుదరకపోతే తీసేద్దాం," అని మిగతావాళ్లు ఒప్పుకున్నారు. నాలుగు బ్లాకుల పిల్లలూ చీటీలు వేసి గోరింకని గెలిపించారు. ఎన్నికలప్పుడు గోరింక దంచేసిన ఉపన్యాసం రాసిచ్చింది మరెవరో కాదు, ఉంగరమే.

మొదటి మీటింగుకి గోరింక అందరికంటే ముందే వెళ్లి కూర్చుంది. పాపం, లెక్కల టీచరు కాలు విరిగి రాలేకపోయింది. ఉన్నది ఆరుగురు. అధ్యక్షుడు స్టేషన్ మాస్టర్ తాతయ్య. రిటైరై ఎనిమిదేళ్లయినా, ఆయన ఏ కాగితం చదివినా రైలు వచ్చేస్తున్నట్టే గడగడా చదివేస్తాడు.

ఆయన చదువుతుండగా గోరింక ఒక గొప్ప సంగతి కనిపెట్టింది. తన కుర్చీ తిరుగుతుంది! కుడికో చుట్టు తిరిగింది. ఎడమకో చుట్టు తిరిగింది. మూడో చుట్టులో ఉండగా "అందరికీ ఆమోదమేనా?" అన్న మాట వినిపించింది. చుట్టూ చేతులు లేస్తున్నాయి. గోరింకా ఎత్తింది. అందరికంటే పైకి ఎత్తింది. క్లాసులో జవాబు తెలిసినప్పుడు కూడా ఆ చెయ్యి అంత ఎత్తుకి లేవదు.

అదీ జరిగింది. గోరింక చెయ్యెత్తిందే తప్ప, దేనికి ఎత్తిందో వినలేదు.

ఇంటికొచ్చి పుస్తకం బల్ల మీద పెట్టి కూర్చుంది. అమ్మ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. మనిషి లోపల ఏం విరిగిందో ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది.

"ఏమైందే? పావుగంట నుంచి నీ గొంతు వినపడలేదు. జ్వరమా?"

గోరింక అంతా చెప్పింది. విన్నకొద్దీ అమ్మ కళ్లు పెద్దవయ్యాయి. చేతిలో ఉన్న గ్లాసు అలాగే ఉండిపోయింది.

"వినకుండా చెయ్యెత్తావా!"

"అందరూ ఎత్తారమ్మా..."

"అందరి సంగతి నేనడిగానా?"

గోరింకకి ఏడుపు తన్నుకొచ్చింది. "ఆ నోటీసు చింపి పారేస్తాను!"

"చింపితే కాగితం పోతుంది. మీ తీర్మానాల పుస్తకంలో రాసింది పోతుందా? వెళ్లి లెక్కల టీచర్ని అడుగు. ఆవిడ దగ్గర ఏదో ఒక దారి ఉంటుంది."

లెక్కల టీచరు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. నోటీసు మాట వినగానే నోరు తెరిచి ఉండిపోయింది. "నేనొక్క మీటింగు మానేస్తే ఇంత పని జరిగిందా!"

"మీరు చెప్పి తీయించేయండి టీచర్. మీరంటే అందరికీ భయం."

"నాకా వీల్లేదు. మనకో నియమం ఉంది. ఒకసారి ఒప్పుకున్న తీర్మానాన్ని మళ్లీ చర్చకి పెట్టమని ఎవరు పడితే వాళ్లు అడగకూడదు. దానికి చెయ్యెత్తిన వాళ్లే అడగాలి. అదీ పది రోజుల్లోపు. నేను ఆ రోజు రాలేదు. చెయ్యెత్తలేదు. కాబట్టి నా నోరు కట్టేసినట్టే."

"అయితే లాయరత్తని అడగమంటాను. ఆవిడా చెయ్యెత్తింది."

"అడగమను. లేదా ఫొటోల అంకుల్ని. లేదా పళ్ల డాక్టర్ని. చెయ్యెత్తిన వాళ్లు ఆరుగురున్నారుగా."

గోరింక వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఆరో వేలు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

"నేనడిగితే... ఎందుకు మళ్లీ పెట్టాలి అంటారుగా?"

"అంటారు."

"వినలేదని చెప్పాలి. అందరి ముందూ."

"చెప్పాలి."

"అప్పుడు పిల్లల సీటు తీసేస్తారేమో?"

టీచరు కాలి కట్టు సర్దుకుంది. "తీసేసినా తీసేస్తారు," అంది నెమ్మదిగా. ఆ సీటు కోసం ఆవిడ ఎన్ని నెలలు పోరిందో గోరింకకి తెలుసు.

మర్నాడు స్కూల్లో ఉంగరం వేరే బెంచీలో కూర్చుంది. ఆ తర్వాతి రోజూ అంతే. మూడో రోజు లెక్కల పరీక్షలో ఉంగరానికి ఎప్పుడూ రానంత తక్కువ మార్కులొచ్చాయి. కాగితం మడిచి బ్యాగులో తోసేసుకోవడం గోరింక చూసింది. సాయంత్రం నేరుగా అధ్యక్షుడి ఇంటికి వెళ్లి, తీర్మానాన్ని మళ్లీ చర్చకి పెట్టమని చీటీ రాసిచ్చింది.

ఆదివారం పొద్దున ఏడుగురూ కూర్చున్నారు. లెక్కల టీచరు కర్రల మీద వచ్చింది. గోరింక ఆ తిరిగే కుర్చీలో కూర్చోలేదు. నిలబడే ఉంది.

"ఏమ్మా, ఎందుకు మళ్లీ పెట్టమంటున్నావు?" అన్నాడు స్టేషన్ మాస్టర్ తాతయ్య.

"నేను ఆ రోజు వినలేదు తాతయ్యా. కుర్చీ తిప్పుకుంటున్నాను. అందరూ చెయ్యెత్తితే నేనూ ఎత్తేశాను. దానివల్ల ఉంగరం చదువుకోవడానికి చోటు లేకుండా పోయింది. తప్పు నాదే."



"చూశారా!" అని బేకరీ అంకుల్ చేతులు తిప్పాడు. ఆ తీర్మానం తెచ్చింది ఆయనే. "పిల్లలకి సీటొద్దు మొర్రో అంటే విన్నారా? వినకుండా చెయ్యెత్తిందట! ఇలాంటివాళ్లు కమిటీలో ఉంటే మన పరువేం కాను?"

గోరింక తల వంచుకుంది. అయిపోయింది, సీటు పోయింది అనుకుంది.

"ఒక్క నిమిషం," అంది లాయరత్త. ఆవిడ మొహం ఎర్రబడింది. "నేనూ వినలేదు. ఫోన్లో మెసేజీ చూసుకుంటున్నాను."

అందరూ ఆవిడ వైపు తిరిగారు. పట్టపగలు చుక్కలు కనబడ్డట్టయింది స్టేషన్ మాస్టరుకి.

"మీరా? లాయరై ఉండీ?"

పళ్ల డాక్టరు గొంతు సవరించుకున్నాడు. సంఘం కార్యదర్శి ఆయనే. "నేను అంతకు ముందు విషయం రాసుకుంటున్నానండీ. ఇది కాగితం చూసి తర్వాత ఎక్కించాను."

"నేనైతే ఓ కునుకు తీశాను," అన్నాడు ఫొటోల అంకుల్. "ముందు రోజంతా పెళ్లి ఫొటోలు. చప్పుడుకి మెలకువొచ్చి చెయ్యెత్తాను."

స్టేషన్ మాస్టర్ తాతయ్య నోరు వెళ్లబెట్టాడు. "అంటే నేను చదివింది ఒక్కరూ వినలేదా!"

"మీరు చదివింది మీరైనా విన్నారా?" అని అడిగింది లెక్కల టీచరు.

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. తీర్మానాల పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. జీవితంలో మొదటిసారి నెమ్మదిగా చదివాడు. "పనివారి... కుటుంబాలకు... ప్రవేశం లేదు." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేశాడు.

"ఈ మాట నా నోటితోనే చదివానా?" అన్నాడు.

బేకరీ అంకుల్ మాత్రం తగ్గలేదు. "బాగానే ఉంది! మరి మా అబ్బాయి మాటేమిటి? పరీక్షల ముందు రెండు రోజులు కుర్చీ దొరక్క నిలబడి చదివాడు వాడు."

అదీ నిజమే. గోరింక తలెత్తి ఆయన వైపు చూసింది. "కుర్చీలు తక్కువైతే కుర్చీలు తేవాలి కదా అంకుల్?"

"మా క్లినిక్‌లో రెండు ఖాళీగా ఉన్నాయి. పంపిస్తాను," అన్నాడు పళ్ల డాక్టరు.

"పళ్లు పీకే కుర్చీలైతే మాకొద్దు," అన్నాడు ఫొటోల అంకుల్. బేకరీ అంకుల్‌కి కూడా నవ్వాగలేదు. అయినా తీర్మానం కొట్టేద్దామా అన్నప్పుడు ఆయన చెయ్యి లేవలేదు. మిగతా ఆరు చేతులూ లేచాయి. పిల్లల సీటు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

గోరింక మెట్లు రెండేసి చొప్పున దిగి మోటారు గది దగ్గరికి పరిగెత్తింది. ఉంగరం గుమ్మంలో కూర్చుని ఉంది. చెవుల్లో దూది, ఒళ్లో పుస్తకం.

శుభవార్త నోటి చివరిదాకా వచ్చేసింది. గోరింక దాన్ని మింగేసింది. ముందు చెప్పాల్సింది వేరే ఉంది. ఉంగరం దూది తీసేదాకా ఆగి చెప్పింది.

"నేను చెయ్యెత్తాను ఉంగరం. ఏం చదివారో వినకుండా ఎత్తాను. ఆ రోజు నువ్వడిగితే చెప్పలేకపోయాను."

ఉంగరం ఒళ్లో పుస్తకం మూసింది. తర్వాత ఒక్కసారిగా మాటలు ఉరికాయి. గోరింక మధ్యలో ఒక్క ముక్క అడ్డం రాకుండా నిలబడి వింది. నిజంగా ఇది ఎవరూ నమ్మరు.

"ఆ కాగితం బోర్డుకి పెట్టింది ఎవరో తెలుసా నీకు?" అంది ఉంగరం చివరికి. "మా నాన్నే. డాక్టరు గారు ఇచ్చి పెట్టమన్నారట. నాన్న చదివాడు. చదివి కూడా పెట్టాడు. ఇంటికొచ్చి నాతో చెప్పలేదు. నేను బోర్డు మీదే చూడాల్సొచ్చింది."

గోరింక మీటింగులో విన్నవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక్కటీ ఒక ఎత్తు. తీర్మానం కొట్టేసిన సంగతి చెబుతూనే వెనక్కి పరుగు తీసింది.

ఆఫీసు గదిలో పళ్ల డాక్టరు కొత్త నోటీసు చేత్తో పట్టుకుని, "మోటారాయన ఎక్కడున్నాడో?" అంటూ బయటికి వస్తున్నాడు.

"ఆయనకివ్వకండి!" గోరింక రొప్పుతూ అంది. "ఇది ఆయన పెట్టకూడదు. చెయ్యెత్తిన వాళ్లం పెట్టాలి."

డాక్టరు ఒక్క క్షణం నిర్ఘాంతపోయాడు. ఆ తర్వాత కాగితం, పిన్నులు ఆమె చేతిలో పెట్టి, తనే స్టూలు మోసుకొచ్చాడు. స్టేషన్ మాస్టర్ తాతయ్య స్టూలు కాళ్లు గట్టిగా పట్టుకున్నాడు. గోరింక పైకెక్కి పాత నోటీసు పీకేసింది. కొత్తది పెట్టింది. "రీడింగ్ రూమ్ అందరిదీ," అని మొదటి వరుసలోనే ఉంది.

ఎవరు చెప్పారో, ఉంగరం వాళ్ల నాన్న వచ్చాడు. చేతిలో పానా ఉంది. వెనకాలే ఉంగరం. స్టూలు పట్టుకోవడానికి ఆయన గబగబా ముందుకొచ్చాడు.

"మీరొద్దు బాబాయ్. మీరు చదవండి," అంది గోరింక.

ఆయన చదివాడు. పైనుంచి కిందిదాకా, ప్రతి వరుసా.

"ఎలా ఉందయ్యా?" అన్నాడు స్టేషన్ మాస్టర్ తాతయ్య, ఆయన కళ్లలోకి చూడలేక నేల చూస్తూ.

"కాగితం వంకరగా పెట్టారండీ," అన్నాడాయన.

ఉంగరం ఫక్కున నవ్వింది. గోరింక నాలుగు పిన్నులూ పీకి, మళ్లీ మొదటి నుంచి పెట్టింది. కుడివైపు కొంచెం పైకి జరపమన్నాడు, జరిపింది. ఎడమవైపు కాస్త దించమన్నాడు, దించింది. "ఇప్పుడు బాగుందమ్మా," అని ఆయన అన్నాకే స్టూలు దిగింది.