నలభై రెండు నిమిషాల తేడా

ఉదయం 8.16. వంతెన మీద పాత కారు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంజిన్, లైట్లు, హారన్ అన్నీ ఒక్కసారే పోయాయి.

8.17. పొగమంచులో వెనకనుంచి వచ్చిన లారీ డ్రైవరుకి ఆ కారు కనిపించలేదు. కారు నడుపుతున్న రిటైర్డ్ హెడ్‌మాస్టారు అక్కడికక్కడే చనిపోయారు.

ఈ రెండు టైములూ వంతెన మీది కెమెరాలో ఉన్నాయి. వాటి మీద అనుమానం లేదు. అనుమానమంతా మెకానిక్ మీదే.

మధ్యాహ్నానికల్లా అతన్ని తెచ్చి స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. ముందురోజు సాయంత్రం మాస్టారింటికి వెళ్ళి కారుకి కొత్త బ్యాటరీ వేసింది అతనే. ఇప్పుడు బానెట్ ఎత్తితే బ్యాటరీ ఎర్త్ కేబుల్ ఊడి వేలాడుతోంది. ఇంకేం కావాలి? నిర్లక్ష్యం కేసు రాయడానికి హెడ్ కానిస్టేబుల్ పెన్ను మూత కూడా తీసేశాడు.

"మూత పెట్టండి," అంది ఎస్సై. కూర్చున్నచోటే తేలిపోయే కేసంటే ఆవిడకి ఒళ్ళుమంట.

"కేబుల్ బిగించారా?"

"బిగించాను మేడం. పదో నంబరు స్పానర్‌తో. తర్వాత చేత్తో తిప్పి చూశా. కదల్లేదు."

"టైమెంత?"

"అయిదున్నర. గడియారం సరిచేసింది అప్పుడే."

"ఏ గడియారం?"

"కార్లోది. బ్యాటరీ తీస్తే ఆగిపోద్ది కదా. మాస్టారు తన వాచీ చూపించి మరీ పెట్టించారు. నిమిషం తేడా వచ్చినా ఊరుకునే మనిషి కాదు. ఇరవై ఏళ్ళుగా ఆ కారు నేనే చూస్తున్నా మేడం. రేపు నా షెడ్డుకి ఎవడొస్తాడు? మాస్టార్ని చంపినోడు అంటారు."

ఎస్సై లేచి స్టేషన్ వెనక పెట్టించిన కారు దగ్గరికి నడిచింది. కారు వెనక భాగం నుజ్జు. ముందు భాగం చెక్కు చెదరలేదు. డ్యాష్‌బోర్డులోని ముళ్ళ గడియారం 7.34 దగ్గర ఆగి ఉంది.

"పాతది కదా మేడం, వెనకబడి ఉంటుంది," అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

"ఒక్క రాత్రిలో నలభై రెండు నిమిషాలా?"

ఆవిడ కారు తలుపు తీసి లోపలికి వంగింది.

సీటు కింద గుడ్డసంచి దొరికింది. అందులో స్పానర్లు నంబర్ల వరసలో, దేని అర దానికే. మాస్టారి పద్ధతి అది. ఒక్క అర మాత్రం ఖాళీ. పదో నంబరుది.

ఆవిడ పంచనామా తెప్పించి మళ్ళీ చదివింది. శవం కుడిచేతి వేళ్ళకి గ్రీజు మరక ఉందని మూడో పేజీలో స్పష్టంగా రాశారు. రాసినవాళ్ళే పట్టించుకోలేదు.

సాయంత్రం 4.00. మాస్టారింటి హాలు. కొడుకు, కోడలు, పక్కింటాయన కూర్చున్నారు. మెకానిక్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మాస్టారితో మీకు గొడవలట?" పక్కింటాయన్ని అడిగింది ఎస్సై.

"గేటుకి అడ్డంగా పెడతారని కారు మీద మంట. ఆయన మీద కాదమ్మా!"

"కారు దగ్గరికి ఎవరైనా వచ్చారా?"

"రాత్రి గేటుకి తాళం," అన్నాడు కొడుకు. "పొద్దున్న ఏడు నుంచి ఏడున్నర దాకా కారు పక్కనే బైక్ తుడుచుకుంటూ ఉన్నాను. పిట్ట కూడా వాలలేదు. చేసిందంతా వీడే మేడం."

మెకానిక్ తల దించుకున్నాడు.

"మీ మామగారు ఎన్నింటికి బయల్దేరారమ్మా?"

"ఏడూ యాభై అయిదుకండి," అంది కోడలు. "వంతెన అవతల ఉండే పెద్దత్తయ్యని ఆస్పత్రికి తీసుకెళ్ళాలని. ముందు కారు స్టార్ట్ కాలేదు. బానెట్ ఎత్తి ఏదో చేశారు. సరిగ్గా పాప స్కూలు వ్యాను వచ్చినప్పుడు. ఏడూ యాభై. ఆ వెంటనే స్టార్టయింది."

కొడుకు చటుక్కున భార్య వైపు చూశాడు. ఎస్సై అతని వైపు చూసింది.

"మెకానిక్ సరిగా బిగించక కేబుల్ వంతెన మీదే మొదటిసారి ఊడి ఉంటే, గడియారం 8.16 దగ్గర ఆగాలి. 7.34 దగ్గర ఆగింది. అంటే అంతకుముందే ఎవరో కేబుల్ పీకారు. నలభై రెండు నిమిషాలు గడియారానికి కరెంటు లేదు. మాస్టారు బానెట్ ఎత్తి, చూసి, తిరిగి తగిలించారు. గడియారం ఆగినచోటి నుంచే మళ్ళీ నడిచింది. గ్రీజు ఆయన వేళ్ళకే ఉంది. తగిలించింది ఏడూ యాభైకి. అందులోంచి నలభై రెండు తీసెయ్యండి."

పక్కింటాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "ఏడూ ఎనిమిది," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"ఏడూ ఎనిమిదికి కారు పక్కన ఎవరున్నారు? పిట్ట కూడా వాలలేదని చెప్పింది మీరే."

కొడుకు మొహం పాలిపోయింది.

"చంపాలని కాదు మేడం! నాన్నకి చూపు ఆనడం లేదు. తాళాలిచ్చెయ్యమని నిన్న రాత్రి కాళ్ళావేళ్ళా పడ్డాను. నువ్వా నాకు చెప్పేది అన్నారు. పొద్దున లేస్తే పొగమంచు. కారు కదలకపోతే ఆటో ఎక్కుతారనుకున్నా. నేను స్నానానికి వెళ్ళి వచ్చేసరికి కారు లేదు."

"మరి ఈయన్నెందుకు ఇరికించారు?"

"భయమేసింది."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"స్పానర్?"

అతను జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పొద్దుటినుంచీ అక్కడే ఉంది కాబోలు, వెచ్చగా ఉంది. "ఆయన బానెట్ ఎత్తినా ఏమీ చెయ్యలేరని ఇది కూడా దాచాను," అన్నాడు.

ఎస్సై మెకానిక్ వైపు తిరిగింది. "మీరు వెళ్ళండి. రేపు షెడ్డు తెరుచుకోండి."

మెకానిక్ వెళ్ళలేదు. బల్ల దగ్గరికి వచ్చి స్పానర్ వైపు చూశాడు, ముట్టుకోలేదు.

"కేబుల్ని ఊరికే చేత్తో నొక్కినా కారు స్టార్టవుద్ది బాబూ. గతుకులొస్తే ఊడిపోద్ది. పొగమంచులో మెల్లగా పోతుంటే ఆ పాత డైనమో ఇచ్చే కరెంటు చాలదు. బ్యాటరీ పోతే అన్నీ పోతాయి. కేబుల్ బిగించడం మాస్టారికి నేనే నేర్పాను. ఇది సంచిలో ఉండుంటే ఆయనే బిగించుకునేవారు. వంతెన దాటేవారు."

కొడుకు తలెత్తి అతని వైపు చూశాడు. ఆ సంగతి అతనికి అప్పటిదాకా తట్టనే లేదు.