జడలు కట్టిన కోడలు

"అయ్యో... అంబికా! కండ్లు తెరువు తల్లీ!"

అత్త దేవక్క కేకకు రూపనగుడిలోని ఆ వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. జడలు కట్టిన జుట్టు నిండా పసుపూ కుంకుమా పూసుకుని పూజ పీట మీద కూర్చున్న కోడలు అంబిక, ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయింది! శుక్రవారం ఉపవాసమని పొద్దున్నుంచి గుక్కెడు మంచినీళ్ళు కూడా తాగలేదు పాపం. చేరిన ఆడవాళ్ళు ముఖం మీద నీళ్ళు చల్లడం మాని, "హులిగమ్మ తల్లి ఒంటిమీదికి వచ్చినాది!" అంటూ చేతులు జోడించారు. ట్రాక్టర్ దిగి పరుగున వచ్చిన భర్త సిద్ధేశ్ ఒక్కడే ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. ఆ చెయ్యి చల్లబడిపోతోంది...

కిందటేడు నెలలు నిండకుండా పుట్టిన మగబిడ్డ పొత్తిళ్ళలోనే కన్నుమూశాడు. అప్పటి నుంచి అంబిక మళ్ళీ మనిషి కాలేదు. "ఇంట్లో ఆడపిల్ల ఉండాది, ఇంకొకడు పుడతాడులే, ఏడవద్దు" అన్నారు అందరూ. కడుపుకోతకు ఏడవను కూడా ఏడవనివ్వలేదు! పొద్దెక్కినా ఆమె లేవలేకపోయేది. మిరపకాయల కూలికి పోలేకపోయేది. "సోమరిపోతును తెచ్చి నెత్తిన పెట్టుకుంటిమి" అని దేవక్క వీధంతా చాటింది. దువ్వెన పట్టే ఓపిక లేక జుట్టు చిక్కుపడి, చిక్కుపడి, చివరికి జడలు కట్టింది. అంతే! తల జడలు కట్టిందంటే అమ్మవారు పిలిచినట్టేనని అక్కడివాళ్ళ నమ్మకం. దానికి దువ్వెన తగలకూడదు, కత్తెర అసలే తగలకూడదు. రాత్రికి రాత్రే సోమరిపోతు కాస్తా దేవత అయిపోయింది! తిట్టిన నోళ్ళే మొక్కడం మొదలుపెట్టాయి. దేవతకు సంసారం పనికిరాదు కదా, వచ్చే పున్నమికి హులిగిలోని అమ్మవారి గుడిలో దీక్ష ఇప్పించి, మొగుడికీ బిడ్డకూ దూరంగా వేరే గదిలో ఉంచాలని దేవక్క తీర్మానించింది.

అంబిక కాదనలేదు. పడుకుంటే ఇప్పుడెవరూ తిట్టడం లేదు మరి! ఆ ఒక్క సుఖం కోసం కన్నకూతురికి దూరమవడానికి ఒప్పుకుందంటే, ఆ తల్లి ప్రాణం ఎంతగా అలసిపోయిందో!

సిద్ధేశ్ ఈసారి తల్లి మాట వినలేదు. ఆటో పిలిపించి, అంబికను బళ్ళారి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. సెలైన్ ఎక్కించాక, మనసు డాక్టరుకు కూడా చూపించమన్నారు.

"పిచ్చి డాక్టరు కాడికా!" దేవక్క గుండెలు బాదుకుంది. "నా కోడలికి పిచ్చని పేరు పెడితే ఊర్లో తలెత్తుకునేదెట్లప్పా?"

"సుమ్నె, గమ్మున ఉండమ్మా! మనిషి బతికితే కదా పేరు!" అని కసిరాడు సిద్ధేశ్.

డాక్టర్ తనూజ జడల మాటే ఎత్తలేదు. నిద్ర గురించి, తిండి గురించి అడిగింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా మెల్లగా అడిగింది. ఆ తర్వాత, "బాబుకు ఏం పేరు పెట్టాలనుకున్నావమ్మా?" అంది.

ఆ మాట ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు! అంబిక తలెత్తి చూసింది. "హొన్నూరుస్వామి... అని..." వెక్కి వెక్కి ఏడ్చింది. తనూజ ఊరుకోమనలేదు, ఏడ్చినంతసేపూ పక్కనే కూర్చుంది.

"దీన్ని డిప్రెషన్ అంటారమ్మా. సోమరితనం కాదు, పిచ్చీ కాదు. పేరు తెలిస్తేనే కదా ఏ దారిన పోవాలో తెలిసేది! మాత్రలు వేసుకో. వారం వారం వచ్చి ఇలాగే నాతో మాట్లాడు. లేవలేని రోజులు ఇంకా కొన్ని ఉంటాయి, భయపడకు."

"నిజంగా జబ్బేనా మేడమ్?... నేను కావాలని పండుకోల్యా కదా?"

"జ్వరం వచ్చినవాళ్ళు కావాలని వణుకుతారా తల్లీ?"

గోడకు ఆనుకుని నిలబడ్డ దేవక్క అక్కడికక్కడే కూలబడిపోయింది. "నేనే తిడితినే... మళ్ళా నేనే మొక్కితినే... ఏమైందే తల్లీ అని ఒక్క తూరన్నా అడగకపోతినే!" అని కొంగు నోట్లో కుక్కుకుని కుమిలిపోయింది.

ఇంటికి వచ్చాక హులిగమ్మ పటం ముందు దీపం పెట్టి, కోడలిని దగ్గర కూర్చోబెట్టుకుంది. ఆ జడలకు కత్తెర పెట్టడానికి ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలలేదు. చివరికి దేవక్కే కత్తెర అందుకుంది.

"హులిగమ్మ తల్లీ, ఈ జడలు నీవైతే తీసుకో. ఈ బిడ్డ మాత్రం నాది! తప్పుంటే నన్నడుగు, దాన్ని అడగొద్దు."

జడలు ఒక్కొక్కటే ఒళ్ళో రాలాయి. తేలికపడిన తలను తడుముకుంటూ అంబిక బిక్కుబిక్కుమంటూ చూసింది. అమ్మవారి భయం కాదు అది... మళ్ళీ సోమరిపోతునవుతానేమోనన్న భయం!

"అత్తా... రేపు నాకు లేసేకి కాకపోతే?"

దేవక్క కోడలి తలను గుండెకు హత్తుకుంది.

"పండుకో! పాపకు నేను తల దువ్వి బడికి పంపుతా. జబ్బు మనిషి పండుకుంటే ఎవురేమంటారు? అనేవాళ్ళను రమ్మను... నేను చెప్తా!"