కెమికల్స్ ముట్టని అల్లుడు

ఆదివారం పొద్దున మామగారు టీ మరిగిస్తున్నాడు. గట్టు మీద దగ్గుమందు సీసా మూత తీసి ఉంది.

అల్లుడు వారం నుంచి దగ్గుతున్నాడు. మందు మాత్రం వేసుకోడు. "ఒంట్లోకి కెమికల్స్ పోనివ్వను మామయ్యగారూ. శరీరమే తగ్గించుకుంటుంది" అంటాడు, మైకు ముందు నిలబడ్డట్టు. ఆ సంగతి శరీరానికి ఎవరూ చెప్పినట్టు లేదు. గోడ అవతల రాత్రంతా అది దగ్గుతూనే ఉంటుంది.

మామగారు బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరుగా చేసి రిటైరైనవాడు. గుడ్డ మీద ఒకసారి సుద్దగీత గీస్తే చెరిపే అలవాటు లేదు. మనుషుల మీదా అంతే. అల్లుణ్ణి మొదటిసారి చూసిన రోజే గీత గీసేశాడు. అతను చెప్పుల కంపెనీకి ఫోటోలు తీస్తాడు. "ఏమే, ఫోటో తీసేముందు చెప్పుల్ని కాస్త నవ్వమంటాడా?" అని కూతుర్ని అడిగాడు. కూతురు నవ్వలేదు. తండ్రి మాటలకు నవ్వడం అప్పుడే మానేసింది.

ఆ ఇంట్లో మందు చెప్పి ఇచ్చే ఆచారం లేదు. అది పోయిన ఇల్లాలి పద్ధతి. మొగుడు మాత్ర చూస్తే మొహం తిప్పుకునే రకం. అందుకని ఆవిడ బతికినన్నాళ్ళూ టీలోనో పాలలోనో కలిపి పోసింది. ఆవిడ పోయాక కూతురు చెబితేగాని ఆయనకు తెలియలేదు. అంతవరకూ తనది ఇనుపకాయం అనుకున్నాడు.

ఇప్పుడా పని ఆయన చేస్తున్నాడు. అల్లుడి మీద ప్రేమతో కాదు, తన నిద్ర కోసం. సీసా ఎత్తి కప్పులోకి వంపాడు. చాలదనిపించి మళ్ళీ వంపాడు. రుచి తెలియకుండా అల్లం దంచి వేశాడు.

అల్లుడు అప్పుడే ఇంట్లోకి వచ్చాడు. రాత్రంతా కంపెనీ పార్టీ. కళ్ళు ఇంతింత చేసుకుని, ఊరికే దవడలు ఆడిస్తూ నిలబడ్డాడు.

"మామయ్యగారూ, మీరు చాలా గొప్పవారు" అని చెయ్యి పట్టుకున్నాడు.

"తెలుసు. టీ తాగు."

"మీ టీ అంటే నాకు ప్రాణం."

"ప్రాణాలదాకా ఎందుకు? తాగి పడుకో."

అల్లుడు గటగటా తాగి గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి కూతురి కేక వినిపించింది.

అల్లుడి ఒళ్ళు పెనంలా కాలుతోంది. పరుపంతా చెమట. కాళ్ళు వాటంతటవే కొట్టుకుంటున్నాయి. పళ్ళు బిగుసుకున్నాయి. పెళ్ళాం మొహం చూసి "ఎవరు?" అన్నాడు. పక్కింటివాళ్ళ కారులో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు.

డాక్టరమ్మ అతని కళ్ళు చూసి, మోకాలి మీద తట్టి చూసి, కూతురి వైపు తిరిగింది.

"ఏం తీసుకున్నారు ఈయన?"

కూతురు తండ్రి మొహం చూసింది. "ఏమీ లేదండీ. తలనొప్పికి కూడా మాత్ర వేసుకోరు."

"మత్తు మాత్రలేమన్నా?"

"అయ్యో, లేదండీ."

"వాడా? దగ్గొస్తే మందే తాగడు, పెద్ద సన్యాసి!" అన్నాడు మామగారు. అన్నాక కప్పు గుర్తొచ్చింది. డాక్టరు చీటీ లేకుండా కొట్లో ఇచ్చేది, అదీ ఒక మందేనా అని సర్దిచెప్పుకున్నాడు. దొంగచాటుగా పోశానని ఒప్పుకోవడానికి నోరూ రాలేదు.

డాక్టరమ్మ లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చింది. ఈసారి గొంతు కఠినంగా ఉంది.

"జ్వరం ఎక్కిపోతోంది. ఒంట్లో ఏవో రెండు మందులు కొట్టుకుంటున్నట్టున్నాయి. నేనిచ్చేది మూడోది. లోపల ఏముందో తెలియకుండా ఇస్తే అదే ప్రాణం తీయొచ్చు. పరువు సంగతి తర్వాత చూసుకుందురుగాని, నిజం చెప్పండి."

ఆవిడ తలుపు వేసుకోగానే మామగారు కూతురి మీద పడ్డాడు.

"ఏం మింగాడే వాడు?"

"ఏం లేదన్నాగా."

"నా మొహం చూసి చెప్పు."

"నీ మొహం చూడలేకే కదా నాన్నా చెప్పట్లేదు!" కూతురి గొంతు కీచుమంది. "పార్టీల్లో మింగే మత్తు మాత్ర. అప్పుడప్పుడూ వేసుకుంటాడు. తెల్లారేముందు కూడా వేసుకున్నాడట. గదిలోకి వస్తూనే నాతో చెప్పాడు. చాలా?"

మామగారి మీసం కదిలింది. ఇన్నాళ్ళకు దొరికాడు.

"అదీ సంగతి! కొట్లో అమ్మే మందేమో కెమికల్. సందులో ఎవడో చేతిలో పెట్టిన బిళ్ళ అమృతం. చెప్పుల ఫోటోలవాడి తెలివే తెలివి!"

"ఇదిగో, ఈ మొహమే" అంది కూతురు. "ఇది చూడాల్సి వస్తుందనే డాక్టరుకు అబద్ధం చెప్పాను. లోపల నా మొగుడు చచ్చిపోతున్నాడు నాన్నా. నేను మాత్రం నువ్వు నవ్వుతావని భయపడుతూ కూర్చున్నాను. చూశావా, నన్ను ఎలా తయారుచేశావో?"

ఆయన నవ్వు సగంలోనే ఆగిపోయింది. కూతురు తలుపు వైపు నడిచింది.

"ఆగు" అన్నాడు. "పొద్దున టీలో దగ్గుమందు కలిపాను."

"ఎంత?"

బతుకంతా మెడలో టేపు వేసుకు తిరిగిన మనిషి నేల చూశాడు.

"కొలవలేదు."

కూతురు తిట్టలేదు. తిడితే బాగుండేది. "నువ్వూ రా. నీ నోటితోనే చెప్పు" అంది.

డాక్టరమ్మ ఇద్దరి మాటా వింది. "ఆ మాత్ర మీద ఆ మందు పడితే మెదడుకు పగ్గాలుండవు. ఒళ్ళే పొయ్యి అయిపోతుంది. ఆయన దాచి మింగాడు, మీరు దాచి పోశారు. దొందూ దొందే. వెళ్ళి కూర్చోండి."

కూర్చున్నాడు. ఇనుప కుర్చీలో, ఇనుపకాయం. ఇల్లాలు గుర్తొచ్చింది. మందు కలిపే రోజున ఆవిడ ముందుగా గుచ్చి గుచ్చి అడిగేది. "నిన్న ఏం తిన్నావు? బయట ఏమన్నా తాగావా? కడుపులో ఎలా ఉంది?" ఈ పోలీసు ప్రశ్నలేంటే అని ఆయన కసురుకునేవాడు. ఆ కసురులోంచే ఆవిడ కావలసింది ఏరుకునేది. ఆవిడ పద్ధతిలో ఆయన సగమే నేర్చుకున్నాడు. పోయడం నేర్చుకున్నాడు, అడగడం నేర్చుకోలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, ఆవిడ పోయిన రోజున కూడా ఏడవని మనిషి ఏడ్చాడు.

సాయంత్రానికి జ్వరం దిగింది.

ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున అల్లుడు బల్ల ముందు కూర్చున్నాడు, ఉతికి పిండిన గుడ్డలా. మామగారు టీ తెచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నిన్న ఏమన్నా మింగావా? చెప్పు. నవ్వను."

"డాక్టరు ఇచ్చినవే మామయ్యగారూ. ఇంకేమీ లేదు."

"నమ్మమంటావా?"

"వద్దు. రోజూ అడగండి." అల్లుడు కప్పు దగ్గరకు జరుపుకున్నాడు. తాగలేదు. తలెత్తి మెల్లగా అడిగాడు. "ఇందులో ఏం కలిపారు?"

ఆ ఇంట్లో ఆయన్ని సంజాయిషీ అడిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు. మామగారు కప్పు లాక్కున్నాడు. నిలబడే సగం టీ తాగి, కప్పు మళ్ళీ అల్లుడి ముందు పెట్టాడు.

అల్లుడు మిగతా సగం తాగాడు. "పంచదార ఎక్కువైంది మామయ్యగారూ."

"అది కెమికల్ కాదులే. మింగు."

గుమ్మంలో కూతురు పక్కున నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.