స్లేట్ ఫోర్క్ మైదానంలో ఎడమ మూల

వెస్ట్ వర్జీనియా కొండల్లో స్లేట్ ఫోర్క్ అని ఓ బొగ్గుగనుల ఊరుంది. ఆ ఊరి చివర ఓ పాడుబడ్డ బేస్‌బాల్ మైదానం. పొద్దుగూకాక అటు కుక్క కూడా పోదంటారు. కుక్కల సంగతి నాకు తెలీదు గానీ, మనుషులు మాత్రం పోరు.

పొగమంచు దిగిన రాత్రి ఆ మైదానం ఎడమ మూలలో ఓ దీపం తిరుగుతుందట. దాని వెనకే ఓ బొంగురు గొంతు... "అయిపోయింది... ఇంక వచ్చెయ్..." అంటుందట.

ఎవర్ని రమ్మంటోంది? ఆగి వినే ధైర్యం ఎవడికీ లేకపోయింది.

ఒకప్పుడు ఆ మైదానానికో జట్టుండేది. పేరు 'కంచరగాడిదలు'. గనిలో బొగ్గుబళ్ళు లాగే జంతువుల మీద గౌరవంతో పెట్టుకున్న పేరు. వాళ్ళ ఆట చూశాక, ఇది గాడిదలకే అవమానమన్నారు జనం. పంతొమ్మిదివందల నలభైతొమ్మిదిలో పుట్టింది, మరుసటేడు ఆగస్టులో పోయింది. పెద్ద జట్లకి ఎక్కే నిచ్చెనలో అట్టడుగు మెట్టు వాళ్ళది. చొక్కాలు కూడా వేరే ఊరి జట్టు వదిలేసినవి. పాత పేరు ఊడదీసిన కుట్లు గుండెల మీద కనబడుతూనే ఉండేవి. అయినా గనిలోంచి నల్లమొహాలతో బైటికొచ్చిన జనం స్నానమైనా చెయ్యకుండా వచ్చి కూచునేవాళ్ళు. ఆ ఊళ్ళో అంతకు మించిన సంబరం మరోటి లేదు.

ఆ జట్టులో అన్నదమ్ములిద్దరు. అన్న డెంజిల్ క్యాచర్, బ్యాటు పట్టినవాడి వెనక కూచుని బంతి పట్టేవాడు. తమ్ముడు ఎర్మల్ ఎడమ మూల కాసేవాడు.

తమ్ముడు పోయాక పన్నెండేళ్ళు డెంజిల్ ఆ మైదానం వైపు చూడలేదు. గనికి వెళ్ళాలంటే అదే దగ్గర దారి. అయినా ఏరు దాటి, మైలున్నర చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

ఆ అక్టోబరు రాత్రి మాత్రం తప్పలేదు. వానకి ఏటి మీద వంతెన కొట్టుకుపోయింది. షిఫ్టు దిగేసరికి పన్నెండు దాటింది. తోటివాళ్ళు అక్కడే బెంచీల మీద నడుం వాల్చారు.

"పడుకోరా, తెల్లారి పోదువుగాని," అన్నారు.

"ఇంటి దగ్గర పిల్లకి జ్వరం," అన్నాడు డెంజిల్, లాంతరు తీసుకుంటూ.

దారి సగానికి వచ్చేసరికి పొగమంచు మొదలైంది. ముందు మోకాళ్ళ దాకా... తర్వాత నడుం దాకా... మైదానం అంచుకి చేరేసరికి చాచిన చెయ్యి కూడా కనబడట్లేదు. అదే సమయానికి లాంతర్లో నూనె అయిపోయింది.

సరిగ్గా ఇలాంటి పొగమంచే — ఆ రోజు కూడా.

అది యాభైలో, ఆగస్టు సాయంత్రం. అప్పటికే రెండాటలు మధ్యలో ఆగిపోయాయి. మూడోది కూడా ఆగితే జట్టుని తీసేస్తామని పైవాళ్ళు కబురంపారు. అయిదో ఇన్నింగ్స్‌లో కంచరగాడిదలు ఒక్క పరుగు ముందున్నారు. అవతలివాళ్ళలో ఇంకో ఇద్దరు అవుటైతే చాలు, ఆ తర్వాత ఆపేసినా ఆట లెక్కలోకొస్తుంది. జట్టు బతుకుతుంది. అప్పుడు దిగింది పొగమంచు.

ఇలాంటప్పుడు ఓ పరీక్ష ఉంది. అంపైర్ పోయి మూలనున్న ఆటగాడి పక్కన నిలబడతాడు. బ్యాటు దగ్గర్నించి ఒకడు బంతిని ఆకాశానికి కొడతాడు. అది కనబడితే ఆట సాగుతుంది, కనబడకపోతే ఆపేస్తారు. ఆ రోజు బంతి కొట్టినవాడు డెంజిల్. కొట్టేముందు తమ్ముణ్ణి పక్కకి లాగాడు.

"ఒరేయ్, కనబడినా కనబడకపోయినా కనబడిందనే చెప్పు. తెలిసిందా?"

ఎర్మల్ అన్న మొహంలోకి చూశాడు. పొగమంచులోకి నడిచి వెళ్ళిపోయాడు.

డెంజిల్ బంతి కొట్టాడు. కాసేపటికి తెల్లటి చీకట్లోంచి కేక — "కనబడిందీ!"

జనం ఈలలేశారు. ఆట మొదలైంది. ఒకడు అవుటయ్యాడు. రెండోవాడు బంతిని ఎడమ మూలకి లేవగొట్టాడు... ఆ మూల వెనక చెక్కల గోడ కడతామన్నారు గానీ కట్టలేదు. ఓ తాడు మాత్రం కట్టారు. తాడు అవతల పాత గనికి గాలి కోసం తవ్విన నిలువు బావి. మీద కప్పిన బల్లలు ఎప్పుడో పుచ్చిపోయాయి.

ఎర్మల్ కోసం ఆ బావిలో మూడు రోజులు వెతికారు. అడుగున నీళ్ళు తప్ప ఇంకేమీ దొరకలేదు. రెండు వారాల్లో జట్టునీ తీసేశారు. తమ్ముడికి అబద్ధం నేర్పానని డెంజిల్ ఎవరికీ చెప్పలేదు — తల్లికీ, పెళ్ళానికీ, చర్చిలో ఫాదర్‌కీ కూడా. ఆ మాట పన్నెండేళ్ళుగా లోపలే ఉండి వాణ్ణి తినేస్తోంది. దెయ్యమంటే వాడికి భయం లేదు. ఆ దెయ్యం 'ఎందుకన్నా అలా చెప్పమన్నావ్?' అని అడిగితే ఏం చెప్పాలా అన్నదే వాడి భయం.

గడ్డి మీద నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగు పడలేదు.

ఎదర దీపం.

మసగ్గా, పసుప్పచ్చగా... అటూ ఇటూ ఊగుతోంది. దాని వెనక గొంతు...

"అయిపోయింది... ఇంక వచ్చెయ్..."

దీపం దగ్గరికొస్తోంది. పదడుగులు... అయిదు... డెంజిల్ తడిగడ్డిలో మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పన్నెండేళ్ళ మాట ఒక్కసారిగా బైటపడింది.

"నేనే చెప్పమన్నాన్రా ఎర్మల్! కనబడిందని నేనే చెప్పమన్నాను! నీ తప్పు లేదురా... నన్ను చంపెయ్యి, పీడా పోతుంది!"

దీపం ఆగింది. నెమ్మదిగా పైకి లేచింది. దాని వెలుగులో తెల్లగడ్డం, నీళ్ళు నిండిన ముసలి కళ్ళు.

"నువ్వట్రా, డెంజిల్?"

ఆ రోజు ఆట నడిపిన అంపైర్ హోబర్ట్! డెబ్భై దాటినవాడు. గనివాళ్ళ కార్బైడ్ దీపం పట్టుకుని నిలబడ్డాడు.

"బాబాయ్... ఇన్నాళ్ళూ ఇక్కడ తిరిగేది నువ్వా?"

"ఆట ఆపాలంటే అంపైర్ నోటితో చెప్పాల్రా. ఆ రోజు గోలలో నేను చెప్పలేదు. రూలు ప్రకారం ఆ ఆట ఇంకా నడుస్తూనే ఉంది. వాడింకా మూల కాస్తూనే ఉన్నాడు. అందుకే మంచు పడ్డప్పుడల్లా వచ్చి చెబుతుంటాను."

ముసలాయనకి పిచ్చెక్కిందనుకున్నాడు డెంజిల్. జాలేసింది. లేచి ఆయన భుజం పట్టుకున్నాడు. చొక్కా తడిసి ముద్దయి ఉంది.

"ఇంటికి పోదాం పద బాబాయ్. తప్పు నాది, నీది కాదు. వాడి చేత ఆ కేక వేయించింది నేను."

"ఆ కేక వాడు వెయ్యలేదురా."

డెంజిల్ చెయ్యి భుజం మీదే ఉండిపోయింది.

"వాడి పక్కన నిలబడ్డానుగా," అన్నాడు హోబర్ట్ గుసగుసగా. "కనబడిందా అనడిగాను. 'లేదు బాబాయ్, ఏమీ కనబళ్ళేదు' అన్నాడు. నిజమే చెప్పాడు పిచ్చినాయన. నాకూ కనబళ్ళేదు. కానీ నేనూ ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణేగా... జట్టు పోతుందేమో అనుకున్నా. కనబడిందని అరిచింది నేనురా."

డెంజిల్‌కి ఏడుపొచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. తమ్ముడు తన మాట వినలేదు! అబద్ధం ఆడలేదు! పన్నెండేళ్ళ బరువు ఒక్కసారి దిగినట్టయింది. ఆ ముసలాణ్ణి కొట్టాలో కావిలించుకోవాలో తెలీలేదు.

"మరి కనబళ్ళేదని తెలిసీ... ఎందుకు ఆడాడు బాబాయ్?"

హోబర్ట్ దీపం కిందికి దించాడు.

"అదే అడిగాను. 'ఎలా ఆడతావురా?' అని. 'మా అన్నకి బ్యాటు దగ్గర్నించి బంతి కనబడుతుందిగా,' అన్నాడు. 'ముందుకంటే ముందుకి, వెనక్కంటే వెనక్కి... వాడి గొంతు పట్టుకుని పరిగెడతా,' అన్నాడు."

డెంజిల్‌కి గుర్తొచ్చింది. బంతి లేచినప్పుడు తను అరిచిన అరుపు. అందరూ అరిచేదే గదా అని ఇన్నేళ్ళూ దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. వెనక్కి... ఇంకా వెనక్కి... ఇంకా...

దిగిన బరువు రెట్టింపై నెత్తిన కూచుంది.

"నా మాటకి వాడు రావట్లేదురా," అన్నాడు హోబర్ట్. "వాడికి తెలిసిన గొంతు నీదొక్కటే. ఒక్కసారి పిలు నాయనా."

పిచ్చి పని అనిపించింది. అయినా ఎన్నాళ్ళుగానో ఆ పేరు నోరారా పిలవలేదు. డెంజిల్ దోసిలి నోటికి అడ్డం పెట్టి, గుండెలు పగిలేలా పిలిచాడు.

"ఎర్మల్! ముందుకిరా! ముందుకి... ముందుకొచ్చెయ్!"

నిశ్శబ్దం.

తర్వాత... గడ్డి మీద అడుగులు. ఆటగాళ్ళ మేకుల బూట్ల చప్పుడు. ఎవరో పరిగెడుతున్నారు — ఆత్రంగా, పిలుపుకోసమే ఎదురుచూస్తున్నట్టు.

హోబర్ట్ డెంజిల్ మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

అడుగులు దగ్గరికి రాలేదు. దూరమవుతున్నాయి!

పొగమంచులో గొంతు ఏ వైపు నుంచి వస్తోందో ఎవరికి తెలుస్తుంది?

"ఇటురా! అటు కాదు, ఇటు!" అని డెంజిల్ కేకలేశాడు. ఎంత అరిస్తే అంత వేగంగా అటే పరిగెత్తాయి అడుగులు. ఎడమ మూలకి... ఇంకా అవతలికి...

ఉన్నట్టుండి ఆగిపోయాయి.

తెల్లారాక ఎవరో ఆ ఇద్దర్నీ అక్కడే చూసి ఇళ్ళకి చేర్చారు. హోబర్ట్ ఆ శీతాకాలం దాటలేదు. డెంజిల్ ఇంకో పాతికేళ్ళు బతికాడు. కానీ ఆ రాత్రి తర్వాత మనిషన్నవాణ్ణి గొంతెత్తి పిలవలేదట. సొంత కూతుర్ని అన్నానికి పిలవాలన్నా వాకిట్లోకి నడిచి వెళ్ళి, భుజం తట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చేవాడట.